పెట్టెల మధ్య బాణాలు



పోస్టరు చూసేది, రేడియో వినేది. చూడాల్సిన దాని గురించి వినిపించమని ఆకాశవాణి వారు అడిగినప్పుడు కాస్త తటపటాయించాను. తర్వాత ఇదీ మంచిదే అనిపించింది. పోస్టరులోంచి రంగులు, బొమ్మలు తీసేస్తే ఏం మిగులుతుందో చెవికి ఇట్టే తెలిసిపోతుంది. దగ్గర్లో నోటుబుక్కు, పెన్సిలు ఉంటే తీసుకోండి. ఒక పేజీని అడ్డంగా తిప్పి పెట్టుకోండి. మధ్యమధ్య గీయమంటాను.

ఈ మధ్య బీకాం, బీబీఏ, ఎంబీఏ తరగతుల్లో రాతపరీక్షతో పాటు పోస్టరు కూడా అడుగుతున్నారు. అసైన్‌మెంటు కాగితం మీద సాధారణంగా ఒకటే వాక్యం ఉంటుంది: మార్కెటింగ్‌లో చదువుకున్న విషయాలు మీకు అర్థమయ్యాయని తెలిసేలా ఒక పోస్టరు తయారు చేయండి. సైజు ఏ1. గడువు రెండు వారాలు. అది చదవగానే పిల్లలు చేసే మొదటి పని గూగుల్‌లో బొమ్మలు వెతకడం. రెండో పని, బొమ్మలు బాగా వేసే అమ్మాయి క్లాసులో ఎవరా అని వెతకడం. ఆ అమ్మాయికి రెండు వారాలూ నిద్ర ఉండదు.

తీరా ఆ రోజున సెమినార్ హాల్లోకి అడుగుపెడితే, గోడ పొడుగునా ఒకే పోస్టరును మళ్లీ మళ్లీ తగిలించినట్టు ఉంటుంది. మధ్యలో ఏదో కంపెనీ లోగో. చుట్టూ నాలుగు పెట్టెలు: ప్రొడక్ట్, ప్రైస్, ప్లేస్, ప్రమోషన్. ఒక్కో పెట్టెలో పాఠ్యపుస్తకంలోని నిర్వచనం, దాని కింద కంపెనీ వెబ్‌సైటులోంచి ఎత్తిన రెండు వాక్యాలు. ఎడమ మూల బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు రాసే స్వాట్ పట్టిక. అందులో బలం అన్న గడిలో ‘మంచి నాణ్యత’ అని. కుడి మూల బీసీజీ మ్యాట్రిక్స్. అందులో నిలకడగా డబ్బు తెచ్చే సరుకుకు గుర్తుగా ఒక ఆవు బొమ్మ. అట్టడుగున పెద్ద అక్షరాల్లో ‘థాంక్యూ’. అది స్లైడ్ల అలవాటు. గోడకు వేలాడే కాగితం ఎవరికి థాంక్స్ చెబుతోందో మాత్రం నాకు ఇంతవరకూ అంతుబట్టలేదు.

వీటిలో ఏదీ తప్పు కాదు. చిక్కంతా అక్కడే ఉంది. తప్పుంటే దిద్దొచ్చు, దిద్దాక విద్యార్థికి ఒక ముక్క తెలుస్తుంది. ఇందులో దిద్దడానికి విద్యార్థి మాట అంటూ ఏదీ లేదు. లోగో తీసి ఇంకో లోగో పెట్టి, రెండు వాక్యాలు మారిస్తే సబ్బు పోస్టరు కాస్తా సెల్‌ఫోను పోస్టరు అయిపోతుంది. లోగో మార్చినా చెల్లుబాటయ్యే పోస్టరులో ఆలోచన జరగలేదని నా లెక్క.

అందుకే మార్కులు వేయడానికి పోస్టరు ముందు నిలబడగానే నేను చూసేది పెట్టెల మధ్య ఉన్న ఖాళీ. అక్కడ బాణాలు ఉన్నాయా? ఉంటే, బాణం మీద ఏమైనా రాశారా? పెట్టెలో ఉన్నది పుస్తకం చెప్పింది. ఈ పెట్టె నుంచి ఆ పెట్టెకు గీత గీసి, దాని మీద ‘ఇది ఇలా ఉంది కాబట్టి అది అలా ఉంది’ అని రాయాలంటే విద్యార్థి కూర్చుని ఆలోచించాల్సిందే. దాన్ని ఎక్కడినుంచీ ఎత్తుకురాలేరు.

ఆ నాలుగు పెట్టెల్లో ఉండే నాలుగు పీల పుట్టుకలోనే, పెట్టెల్ని కలపాలన్న ఈ సంగతి ఉంది. 1948లో జేమ్స్ కల్లిటన్ అనే అమెరికన్, వ్యాపారం నడిపే మనిషిని దినుసులు పాళ్లు చూసి కలిపే మనిషిగా వర్ణించాడు. అది హార్వర్డ్‌లో పాఠాలు చెప్పే నీల్ బోర్డెన్‌కు నచ్చింది. మార్కెటింగ్ మిక్స్ అన్న పేరును ఆయనే ప్రచారంలోకి తెచ్చాడు. బోర్డెన్ జాబితాలో 12 దినుసులు ఉండేవి: ధర, బ్రాండు, ప్యాకింగు, ప్రకటనలు, కొట్టులో సరుకు కనబడేలా పెట్టే తీరు, అమ్మాక చేసే సేవ, ఇలాగ. 1960లో జెరోమ్ మెకార్తీ తన పాఠ్యపుస్తకంలో ఈ వ్యవహారాన్నంతా పీ అక్షరంతో మొదలయ్యే నాలుగు శీర్షికల కిందికి సర్దాడు. బట్టీ పట్టడానికి బాగుంటుంది కాబట్టి ఆ నాలుగూ అరవై ఏళ్లు దాటినా నిలిచాయి. పాళ్లు చూసి కలపాలన్న అసలు విషయం మాత్రం పాఠాల్లో వెనకబడిపోయింది.

సరే, పెన్సిలు తీయండి. ఒక సరుకు పట్టుకుని చూద్దాం. రూపాయి షాంపూ ప్యాకెట్, కంపెనీవాళ్ల భాషలో సాషే. పెద్ద పెద్ద విదేశీ కార్ల కంపెనీలు, కాఫీ కంపెనీలు పోస్టర్లలో మోజుగా కనిపిస్తాయి గానీ, వాటి లెక్కలు మీ వీధిలో దొరకవు. ప్యాకెట్ దొరుకుతుంది.

ఈ కథ తమిళనాడులోని కడలూరులో మొదలవుతుంది. అక్కడ చిన్ని కృష్ణన్ అనే ఆయన, కలిగినవాళ్లు వాడే సరుకుల్ని చిన్న చిన్న ప్యాకెట్లలో పోస్తే కూలి చేసుకునే వాళ్లు కూడా కొనగలరని నమ్మాడు. ఆయన పోయాక కొడుకులు వెల్వెట్ షాంపూ ప్యాకెట్లు అమ్మారు. వాళ్లలో ఒకరు సి.కె. రంగనాథన్ కుటుంబ వ్యాపారంలోంచి బయటికొచ్చి, 1983లో 15,000 రూపాయలతో సొంతంగా మొదలుపెట్టారు. తండ్రి పేరులోని అక్షరాలతో చిక్ షాంపూ తెచ్చారు. ఆ వ్యాపారమే ఇప్పటి కెవిన్‌కేర్ కంపెనీ.

ఇప్పుడు పేజీకి ఎడమ చివర ఒక గుండ్రం గీయండి. అందులో సరుకు పేరు రాయకండి, మనిషిని రాయండి. ఏ రోజు కూలి ఆ రోజే చేతికొచ్చే మనిషి. ‘18 నుంచి 60 ఏళ్ల స్త్రీ పురుషులందరూ’ అని రాశారో, ఆ గుండ్రం దండగ. వెండెల్ స్మిత్ 1956లో సెగ్మెంటేషన్ మీద, అంటే కొనేవాళ్లను అవసరాన్ని బట్టి విడగొట్టడం మీద, వ్యాసం రాసింది అందరూ ఒకటే అవసరంతో రారని చెప్పడానికే.

ఆ మనిషి ఇంట్లో ఇప్పుడు తల దేనితో రుద్దుకుంటున్నారు? కుంకుడుకాయలతో, సీకాయతో, కాదంటే ఒంటి సబ్బుతో. 1960లో థియొడోర్ లెవిట్ మార్కెటింగ్ మయోపియా అని ఒక వ్యాసం రాశాడు. కంపెనీలు తమ సరుకును చూసుకుంటూ కొనేవాడి అవసరాన్ని చూడడం మరిచిపోతాయన్నది దాని సారం. పోటీ అన్న చోట ఇంకో రెండు షాంపూల పేర్లు రాస్తే లెవిట్‌ను పరీక్ష కోసం చదివారని అర్థం. కుంకుడుకాయ అని రాస్తే ఆయన చెప్పింది ఎక్కిందని అర్థం. కుంకుడుకాయలు కొట్టాలి, గింజలు తీయాలి, నానబెట్టాలి, పిసికి రసం తీయాలి. పిల్లవాడి కంట్లో చుక్క పడితే వీధి చివరిదాకా వినపడేలా ఏడుస్తాడు. ఆ చాకిరీ, ఆ ఏడుపూ తప్పించుకోవడానికి తల్లి ఒక్కసారికి ఎంత ఇవ్వగలదు? ధర అక్కడ పుట్టింది. కాబట్టి గుండ్రం నుంచి ధర పెట్టెకు మొదటి బాణం. దాని మీద రాయండి: చేతిలో ఉన్నది చిల్లర, కాబట్టి ధర ఒక నాణెం దాటకూడదు.

మామూలుగా ముందు సరుకు తయారవుతుంది, ఖర్చులు కూడతారు, లాభం కలుపుతారు, ధర వస్తుంది. ఇక్కడ వరుస తిరగబడింది. ధర ముందే ఖాయమైంది. దానిలో ఇమిడేలా సరుకు తయారుకావాలి. సీసా, మూత, లేబులు కలిసే ఆ నాణెం విలువను మింగేస్తాయి. అందుకని సీసా పోయింది, పల్చటి ప్లాస్టిక్ పొరల ప్యాకెట్ వచ్చింది, అందులో ఒక్క తలస్నానానికి సరిపడా షాంపూ. ధర నుంచి ప్రొడక్టుకు రెండో బాణం. చూశారా, మెకార్తీ వరుసలో ప్రొడక్టు మొదట ఉంటుంది, మన పేజీలో రెండో చోటికి వచ్చింది. ఇలా వరుస మారడమే నేను పోస్టరులో వెతికేది.

మూడో బాణం ప్యాకెట్ నుంచి కొట్టుకు, అంటే ప్లేస్ పెట్టెకు. పల్లెటూరి కిరాణా కొట్టు ఎంత ఉంటుంది? మనిషి కూర్చుంటే మోకాళ్లు బియ్యం బస్తాకు తగులుతాయి. షాంపూ సీసాల వరుసకు అక్కడ అర ఎక్కడిది? ప్యాకెట్లు మాత్రం ఒకదానికొకటి అతుక్కుని దండలా వస్తాయి. ఒక మేకు చాలు. పగలవు, కారవు, కింద చోటు అడగవు. అడిగిన వాళ్లకు అడిగినన్ని చింపి ఇవ్వొచ్చు. సరుకు పంచే ఏర్పాటు మీద పేజీలకు పేజీలు రాస్తారు పుస్తకాల్లో. ఇక్కడ ఆ పేజీల బరువంతా ఒక మేకు మోస్తోంది.

నాలుగో బాణం ఆ మేకు నుంచి ప్రచారానికి. కొట్టు ముందు కంటికెదురుగా వేలాడే ప్యాకెట్ల దండే ప్రకటన. చదువు రానివాళ్లు రంగు చూసి గుర్తుపడతారు. ఉప్పు కోసం వచ్చిన పిల్ల దాన్ని రోజూ చూస్తుంది.

ఇక చిక్ కంపెనీ చేసిన ఒక తమాషా ఉంది. దానికోసం పేజీలో కాస్త పెద్ద చోటు వదలండి. ఏ కంపెనీదైనా సరే, ఐదు ఖాళీ షాంపూ ప్యాకెట్లు తెస్తే ఒక చిక్ ప్యాకెట్ ఉచితం అన్నారు. కొన్నాళ్లకు షరతు మార్చారు: ఖాళీవి చిక్ ప్యాకెట్లే అయి ఉండాలి. చాలామంది విద్యార్థులు దీన్ని ‘సేల్స్ ప్రమోషన్’ అని ఒక ముక్కలో రాసి వదిలేస్తారు. రెండు షరతులూ రెండు వేర్వేరు పనులు చేశాయి. మొదటిది, వేరే షాంపూ వాడేవాడి చేత చిక్‌ను ఒక్కసారి వాడించింది. రెండోది, వాడినవాణ్ని మళ్లీ దానికే తిప్పింది. మొదటి షరతునే కొనసాగించి ఉంటే కంపెనీ తన సొమ్ముతో పోటీవాళ్ల ప్యాకెట్లను కొనిపెట్టినట్టయ్యేది. ఎప్పుడు మార్చాలో తెలియడంలో ఉంది నేర్పు. దాన్ని బొమ్మలో చూపించగలిగితే, అంటే రెండు బాణాలు గీసి వాటి మధ్య ‘ఇక్కడ షరతు మారింది’ అని ఒక గీత పెడితే, నాలుగు పేజీల వ్యాసానికి వేసేటన్ని మార్కులు వేస్తాను.

మా దగ్గర చదివే ఇద్దరు అమ్మాయిలు ఈ పోస్టరు కోసం తమ వీధి కొట్టాయన దగ్గరికి వెళ్లారు. ‘బాబాయ్, సీసా అమ్మితే నీకు ఎక్కువ మిగులుతుంది కదా, ప్యాకెట్లెందుకు వేలాడదీస్తావు?’ అని అడిగారట. ఆయన నవ్వి, ‘సీసా కొన్నావిడ మళ్లీ నెలకు గానీ కనపడదమ్మా. ప్యాకెట్ ఆవిడ వారానికి రెండుసార్లొస్తుంది. వచ్చినప్పుడు పప్పో, చింతపండో తీసుకోకుండా పోతుందా?’ అన్నాడు. వాళ్లిద్దరూ కొట్టు పెట్టె నుంచి మనిషి గుండ్రానికి వెనక్కి ఒక బాణం గీసి, దాని మీద ‘పప్పో, చింతపండో’ అని రాసుకొచ్చారు. సరుకు అమ్మిపెట్టే కొట్టువాడికి కూడా తన లాభం తనకుండాలి, లేకపోతే సరుకు మేకు ఎక్కదు అన్న పాఠం దానిలో ఉంది. నేను క్లాసులో గంటసేపు చెప్పినా అంత బాగా చెప్పి ఉండను.

మీరూ వెళ్లండి. ఒకే కంపెనీ షాంపూ ప్యాకెట్, సీసా రెండూ కొనండి. రెండింటి మీదా నికర పరిమాణం, గరిష్ఠ చిల్లర ధర అచ్చు వేసి ఉంటాయి. ధరను మిల్లీలీటర్లతో భాగించండి. ఎక్కువ కొంటే చౌక అని కదా మన లోకజ్ఞానం? మన దేశంలో షాంపూల విషయంలో చాలాసార్లు అది తలకిందులవుతుంది. మిల్లీలీటరు లెక్కన ప్యాకెట్టే చౌక. మీ చేతిలో ఉన్న రెండింటి లెక్క ఎలా వస్తే అలా, కొన్న తేదీతో సహా పోస్టరులో పెట్టండి. తర్వాత అడగండి: ప్యాకెట్ చౌక అయితే సీసా కొనేవాళ్లు ఎందుకు కొంటున్నారు? తడిచేతులతో, సబ్బు కళ్లతో ప్యాకెట్ చింపే బాధ లేకుండా ఉండడానికి వాళ్లు ఆ తేడా చెల్లిస్తున్నారు. ధర చూసుకునే మనిషికీ, సుఖం చూసుకునే మనిషికీ ఒకే ద్రవాన్ని రెండు ధరలకు అమ్ముతున్నారన్నమాట. సెగ్మెంటేషన్ నిర్వచనం రాయాల్సిన అవసరం ఇక ఉందంటారా?

ఇంకో బాణం మిగిలింది. ప్యాకెట్ నుంచి మురుగుకాల్వకు. రకరకాల పొరలు అతికించి చేసిన ఆ ప్లాస్టిక్‌ను పాత సామాన్లవాడు కొనడు. విడదీసి కరిగించడం కష్టం, తూకానికి రాదు. 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలు, ప్యాకింగు వాడే కంపెనీలే ఆ చెత్తను తిరిగి సేకరించే బాధ్యత తీసుకోవాలన్నాయి. ఒకనాడు ఖాళీ ప్యాకెట్లు వెనక్కి తెప్పించుకోవడం అమ్మకాలు పెంచే ఎత్తు. ఇప్పుడు అదే చట్టం నెత్తిన పెట్టిన పని. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టిన పోస్టరు నాకు ఇంకా కనబడలేదు, ఎవరైనా చేస్తే చూడాలని ఉంది.

బొమ్మల సంగతికి వస్తాను. మార్కెటింగ్ పుస్తకాల్లో తయారుగా దొరికే బొమ్మలు కొన్ని ఉన్నాయి, వాటితో జాగ్రత్త. బీసీజీ మ్యాట్రిక్స్ గీయాలంటే రెండు అంకెలు కావాలి: ఆ మార్కెట్టు ఎంత వేగంగా పెరుగుతోంది, అందులో పెద్ద పోటీదారుతో పోలిస్తే మీ కంపెనీ వాటా ఎంత. ఈ రెండూ లేకుండా ఆవు బొమ్మ వేయడం జాతకం రాయడమే. అంకెలు దొరకకపోతే మ్యాట్రిక్స్ వదిలేయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

కొనేవాళ్ల మనసులో ఏ బ్రాండు ఎక్కడుందో చూపే పొజిషనింగ్ మ్యాప్‌లో ఇంకో రకం పొరపాటు. అడ్డగీత ధర, నిలువుగీత నాణ్యత అని పెడతారు. ధర పెరిగితే నాణ్యత కూడా పెరిగినట్టే జనం అనుకుంటారు కాబట్టి, బ్రాండ్లన్నీ ఎడమ కింది మూల నుంచి కుడి పై మూలకు ఏటవాలుగా వరుస కడతాయి. రెండు గీతలు గీసినా చెప్పింది ఒకటే ముక్క. ఒకదానితో ఒకటి ముడిపడని రెండు గీతలు వెతకాలి. మన షాంపూకైతే అడ్డంగా ‘ఒక్కసారికి చేతిలోంచి పోయే డబ్బు’, నిలువుగా ‘తయారీకి పట్టే శ్రమ’ అని పెట్టి చూడండి. కుంకుడుకాయ ఎక్కడ కూర్చుంటుందో, సీసా ఎక్కడ కూర్చుంటుందో, డబ్బూ శ్రమా రెండూ తక్కువై ఖాళీగా ఉన్న మూల ఏదో కంటికి కనిపిస్తుంది. ఆ ఖాళీ మూలలోకే ప్యాకెట్ వచ్చి కూర్చుంది.

సర్వేల గురించి ఒక్క మాట. హాస్టల్లో 30 మందిని అడిగి, 60 శాతం ప్రజలు ఇలా అంటున్నారని రాయకండి. మేము అడిగిన 30 మందిలో 18 మంది అన్నారని రాయండి. ఆ 30 మందీ ఎవరో కూడా రాయండి. దాన్ని పొంగిన మూడు కొలతల పైచార్టుగా గీసి రంగులు పూయనక్కర్లేదు.

షాంపూ నచ్చనివాళ్లు పోస్టరుకు అమృతాంజనం తీసుకోవచ్చు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు దాన్ని 1893లో బొంబాయిలో మొదలుపెట్టారు. సంగీత కచేరీల్లో ఉచితంగా పంచి జనానికి అలవాటు చేశారని చెబుతారు. పోస్టరులో ‘ఉచిత నమూనాలు’ అని రాసి ఊరుకుంటే ఏం లాభం? కచేరీయే ఎందుకన్నది ప్రశ్న. గంటల తరబడి ఒకే చోట కూర్చున్న జనం, మెడలు పట్టేసి, తలలు బరువెక్కి ఉంటారు. రాసుకున్న కొద్ది నిమిషాల్లోనే, ఆ కుర్చీలోనే, మందు పనిచేస్తోందో లేదో తెలిసిపోతుంది. పక్కవాడికి వాసన కూడా తగులుతుంది. జుట్టు పెరిగే నూనెను కచేరీలో పంచితే ఈ ఫలితం రాదు, నూనె పనితనం తెలియాలంటే నెలలు ఆగాలి. సరుకు గుణమే దాని ప్రచారం ఎక్కడ జరగాలో నిర్ణయించింది.  

ఇక కాగితం మీదికి దింపడం. 2019లో మైక్ మోరిసన్ అనే అమెరికా పరిశోధక విద్యార్థి, శాస్త్రసభల్లో పోస్టర్లు చదవలేకపోతున్నామని విసిగిపోయి యూట్యూబులో ఒక కార్టూన్ వీడియో పెట్టాడు. పోస్టరు నడుమ మీరు కనుక్కున్న ఒక్క సంగతిని దూరం నుంచి కనబడేంత పెద్ద అక్షరాల్లో, మామూలు మాటల్లో రాయమన్నాడు. వివరాలు పక్కలకు నెట్టమన్నాడు. చాలామంది పాటించారు, కొందరు తిట్టారు. తరగతి పోస్టరుకు ఆ సలహా సగం వరకే పనికొస్తుంది. మీకు మార్కులు వేసేవాళ్లు మీ దారి కూడా చూడాలి కదా. అయినా ఆ నడిమి వాక్యం మాత్రం తప్పకుండా రాయండి. ‘చిక్ షాంపూ మార్కెటింగ్ వ్యూహం: ఒక అధ్యయనం’ అనే శీర్షిక చూసి ఎవరూ ఆగరు. ‘ధర ముందు పుట్టింది, షాంపూ తర్వాత వచ్చింది’ అని పెట్టండి, ఆగి చూస్తారు.

పోస్టరు మొత్తంలో మూడు వందల మాటలు దాటకుండా చూసుకోండి. అక్షరాల సైజు సరిపోతుందో లేదో తెలుసుకోవడానికి సులువైన ఉపాయం ఉంది. ఏ1 కాగితం 594 మిల్లీమీటర్లు బై 841. ఏ3 కొలతలు అందులో సగం. కాబట్టి పెద్ద ప్రింటుకు ముందు ఏ3 మీద ఒక నలుపు-తెలుపు ప్రింటు తీయించండి. ఏ1లో 24 పాయింట్లు పెట్టిన అక్షరం అక్కడ 12 అవుతుంది. టేబుల్ మీద పెట్టి చదవడానికి ఇబ్బంది పడితే గోడ మీద ఎవరూ చదవరు. రంగులు లేకపోయినా బాణాలు అర్థమవుతున్నాయో లేదో కూడా అప్పుడే తేలిపోతుంది.

తెలుగులో చేసేవాళ్లకు ఇంకో రెండు చిక్కులు. మన అక్షరానికి పైన గుడి ఉంటుంది, కింద వత్తు ఉంటుంది. ఇంగ్లీషు వరుసల మధ్య వదిలినంత ఖాళీయే వదిలితే పై వరుస వత్తులు కింది వరుస గుడుల మీద పడతాయి. కాస్త ఎక్కువ ఎడం ఇవ్వండి. రెండోది, డీటీపీ షాపుల్లో చాలాచోట్ల ఇంకా అను ఫాంట్లే నడుస్తున్నాయి. మీరు ఫోనులో యూనికోడ్‌లో టైపు చేసి పంపింది వాళ్ల పాత సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే వత్తులు విడిపోయి పక్కన నిలబడతాయి, ఒక్కోసారి వరుసంతా ప్రశ్నార్థకాలే. రామభద్ర, మండలి లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లతో మీరే తయారుచేసి, పీడీఎఫ్‌గా మార్చి పట్టుకెళ్లండి. ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే చిక్కిపోతాయి, డాక్యుమెంటుగా పంపండి. తెర మీద మెరిసిన చిలకపచ్చ ప్రింటులో పాచిరంగుకు దిగుతుందని ముందే మనసుకు చెప్పుకోండి.

ప్రింటు దేని మీద? అలవాటుగా అందరూ ఫ్లెక్సీ షాపుకే పరుగెడతారు. ఫ్లెక్సీ అంటే పీవీసీ. 100 మైక్రాన్ల కంటే పల్చటి పీవీసీ బ్యానర్లను 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. అంతకంటే మందమైనవి ఆ నిషేధం కిందికి రావు గానీ, షాంపూ ప్యాకెట్ల చెత్త గురించి పోస్టరు వేసి దాన్ని పీవీసీ మీద అచ్చు వేయిస్తే వైవాలో మొదటి ప్రశ్న అదే అవుతుంది. కాగితం మీదో, గుడ్డ మీదో వేయించండి. డబ్బుల్లేకపోతే డ్రాయింగు చార్టు మీద స్కెచ్చు పెన్నుతో గీయండి. నేను చూసిన మంచి పోస్టర్లలో కొన్ని అలా గీసినవే.

వైవా రోజున పోస్టరుకు అడ్డంగా నిలబడకండి, పక్కకు నిలబడండి. అందులో ఉన్నది చదివి వినిపించకండి, వచ్చినవాళ్లకు చదువు వచ్చు. ‘ఎక్కడినుంచి మొదలుపెట్టమంటారు సార్?’ అని అడగకుండా, ఎడమ చివరి గుండ్రం మీద వేలు పెట్టి ‘ఈవిడ దగ్గర మొదలైంది’ అనండి.

నేనైతే ప్రతి బృందాన్నీ ఒక ప్రశ్న అడుగుతాను. ముడిసరుకు ధర పెరిగింది, మీ పోస్టరులో ఏ పెట్టె కదులుతుంది? ఎక్కువమంది వెంటనే ‘ప్రైస్ సార్’ అంటారు. అయితే రూపాయి ప్యాకెట్‌ను రూపాయి పావలాకు అమ్మగలరా అంటాను. పావలా 2011 జూన్ చివరితో చెల్లుబాటు పోగొట్టుకుంది. అర్ధరూపాయి చట్టప్రకారం ఇప్పటికీ చెల్లుతుంది, కొట్టులో మాత్రం ఎవరూ పుచ్చుకోరు. అంటే ధర పెట్టెకు తాళం పడింది. మరి ఏది కదలాలి? కాసేపు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుంటారు. ఎవరో ఒకరు, ‘ప్యాకెట్‌లో షాంపూ తగ్గిస్తారు’ అంటారు. తగ్గిస్తే పొడుగు జడ ఆవిడకు ఒక ప్యాకెట్ చాలదు, రెండు చింపాలి. ఆవిడకు ధర రెట్టింపైంది, పొట్టి జుట్టు వాళ్లాయనకు ఏమీ మారలేదు. అంతవరకూ ఒకే గుండ్రంలో ఉన్న ఇల్లు రెండు గుండ్రాలైంది.

అక్కడికి వచ్చేసరికి కొందరు జేబులోంచి పెన్ను తీసి, అంత ఖర్చుపెట్టి వేయించిన ప్రింటు మీదే కొత్త బాణం గీసేస్తారు. పక్కనున్నవాళ్లు ‘ఒరేయ్, పోస్టరు పాడుచేశావ్’ అని అరుస్తారు. నేను మార్కులు వేసేది ఆ గీతకే.